పుట్టింటి పొయ్యి బండ

కట్టెల పొయ్యి గురించి మా కొండల్లో తీపి మాటలకు కొదవలేదు. పొయ్యి ఇంటికి గుండెకాయ అంటారు. అమ్మమ్మ చేతి రుచంతా ఆ పొగలోనే ఉందంటారు. సెలవులకు పక్కనున్న పాతపట్నం ఓరో ప్రెతోకి వచ్చే నగరవాసులు ఏ పాత వంటింట్లోనో నిలబడి కళ్ళు కూడా తుడుచుకుంటారు. వాళ్ళ కన్నీళ్ళు వాళ్ళిష్టం. కానీ మా ఊరు పెద్రా క్లారాలో పొయ్యి బండలు బాగుచేసే జుల్మీరా పెరట్లోకి ఒక్కసారి వచ్చి, మరమ్మతుకు చేరిన బండల్ని వరసగా చూడండి. గొడ్డలి వేటు పడ్డది ఒకటి. ఇనప మూకుడు విసిరితే అంచు లేచిపోయింది మరొకటి. ఇంకోదాని మూల విరిగింది. దాన్ని తెచ్చినావిడ నుదుటి మీద ఆ మూలకు సరిగ్గా అతికే మచ్చ ఉంది. మా ఊళ్ళో పొయ్యి బండలు వంట వల్ల పాడయ్యేది తక్కువ.

మంట మీద పరిచి కుండలు పెట్టుకునే మా పొయ్యి బండ బలపపు రాయి. గోరుతో గీస్తే గీత పడేంత మెత్తన. నిప్పుకు మాత్రం బెదరదు. వేడిని మెల్లగా తాగి, మంట ఆరిపోయాక కూడా పూటంతా కడుపులో దాచుకుంటుంది. క్వారీలోంచి వచ్చినప్పుడు దాదాపు తెలుపనిపించే పాలిపోయిన బూడిద రంగు. వంటింట్లో పందికొవ్వు పీల్చి పీల్చి నల్లబడుతుంది. కోసేదీ చెక్కేదీ మగవాళ్ళు, నల్లబరిచేది ఆడవాళ్ళు. దీనివల్ల మా మగవాళ్ళ ఒంటికి ఒక అలవాటు పట్టింది. తెల్లరాయి కనిపిస్తే దాని మీద కూర్చుంటారు, చేతులు ఆనించి కబుర్లు చెబుతారు, మధ్యాహ్నం అన్నం డబ్బా దాని మీదే విప్పుతారు. నల్లరాయి కనిపిస్తే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. తెల్లరాయి అంటే పని, నల్లరాయి అంటే నిప్పు. ఇది ఎవరూ ఆలోచించి చేసేది కాదు.

ఇంకో ఆచారం ఉంది. పెళ్ళిలో పొయ్యి బండ ఇచ్చేది పిల్ల పుట్టింటివాళ్ళు. అది పాడైతే బాగుచెయ్యాల్సిందీ వాళ్ళే. బండ పుట్టింటికి వచ్చినప్పుడు పిల్ల కూడా దానితో వస్తుంది. బండ బాగయ్యాక రెండూ కలిసి మొగుడింటికి వెళ్ళిపోతాయి. ఎలా పాడైందని అడగడం మర్యాద కాదు. "కుండ జారింది" అని పిల్ల అంటుంది, అవతలివాళ్ళు తలూపుతారు, అంతటితో సరి. ఊరి పెద్దలు దీన్ని మా సంస్కారం అని చెప్పుకుంటారు. దెబ్బలు తిన్న ఆడదాన్ని మళ్ళీ అక్కడికే పంపడానికి ఇంతకంటే నాజూకైన ఏర్పాటు నేనెక్కడా చూడలేదు.

జుల్మీరా ఆ ఏర్పాటులో పుట్టి, అందులోనే ముక్కు విరగ్గొట్టుకుంది.

ఆమె తండ్రి బెలర్మీను ఊళ్ళో అందరికంటే నున్నగా బండ తీసేవాడు. కూతుర్ని ఒనోఫ్రెకి ఇచ్చాడు. ఒనోఫ్రె ఎద్దుబండి మీద రాయి తోలేవాడు. తాగడు. అతని గురించి ఊరంతా ఇచ్చిన సర్టిఫికెట్టు అదొక్కటే: తాగడు. తాగని మనిషి గురి తప్పదని ఎవరికీ తోచలేదు. పెళ్ళయిన కొత్తలోనే నిప్పులు కదిపే ఇనప ఊచతో ముఖం మీద కొట్టాడు. రెండో వేటు బండకు తగిలి అంచు లేచింది. బండతో పాటు జుల్మీరా పుట్టింటికి వచ్చింది, ముక్కు మీద తడిగుడ్డతో.

"కుండ జారిందా?" అన్నాడు బెలర్మీను.

"జారలేదు నాన్నా. ఊచ తీసుకుని—"

"కుండ జారిందా అని అడిగాను."

జుల్మీరా తడిగుడ్డను ముక్కుకు గట్టిగా అదుముకుంది. తండ్రి బండను తిరగేసి పనిలో దిగాడు. ముక్కు సంగతి ఎత్తలేదు. బండ బాగయ్యాక బండి మీద పడుకోబెట్టి, పక్కన ఆమెను కూర్చోబెట్టి పంపించాడు. తర్వాత అలాగే మళ్ళీ, మళ్ళీ. ఆ రాకపోకల్లోనే ఆమెకు పని వచ్చింది. జిడ్డు గీకడం, గాటులో రాతిపొడి ముద్ద కూరడం, నీళ్ళు చల్లుతూ ఇసకరాయితో గుండ్రంగా రుద్దడం, సన్నటి మంట మీద లోపలి చెమ్మంతా పోయేదాకా ఆరబెట్టడం, ఆ వేడి మీదే కొవ్వు పట్టించడం. చెమ్మ ఉండగా కొవ్వు పూస్తే బండ మొదటి వంటకే పెటిల్లున విచ్చుకుంటుంది. తన ఒంటి మీద నీలాలు తగ్గేలోగా ఆ బండకు నునుపు వచ్చేది. తొందరగా వచ్చేది బండకే.

ఆఖరిసారి ఒనోఫ్రె గొడ్డలి ఎత్తాడు. ఆమె పక్కకు తప్పుకుంది. మరో రాయయితే గొడ్డలి ఎగిరిపడేది; బలపపు రాయి మెత్తనిది కదా, కొరికి పట్టుకుంది. ఒనోఫ్రె రెండు చేతులా పిడి పట్టుకుని లాగుతున్నాడు. పొయ్యి మీద రాచ్చిప్పలో చిక్కుడుగింజలు కుతకుతలాడుతున్నాయి. జుల్మీరా ఆ రాచ్చిప్ప ఎత్తి అతని మోకాళ్ళ మీద గుమ్మరించింది. అతను పడ్డాక ఖాళీ రాచ్చిప్పతో నెత్తిన ఒకటి వేసింది. రాచ్చిప్ప పగిలింది. తల పగల్లేదు; ఆ విషయం చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఇప్పటికీ కాస్త నిరాశ వినిపిస్తుంది. చంటిపిల్లను చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసింది.

వెనకే బండ వచ్చింది. బెలర్మీను ఎప్పటిలాగే బాగుచేశాడు, బండి మీదికెక్కించాడు, కూతురి వైపు చూశాడు. ఆమె ఎక్కలేదు. కాసేపు చూసి, ఎద్దుల్ని అదిలించాడు. మా ఊళ్ళో పొయ్యి బండ ఒంటరిగా మొగుడింటికి వెళ్ళడం అదే మొదలు. తండ్రి తర్వాత రాతిపని పాక ఆమెదైంది. ఒనోఫ్రె కుంటుకుంటూ వేరే ఊరు వెళ్ళి, అక్కడ పోయాడు.

ఆ చంటిపిల్ల పేరు మర్లూసియా. ఆమెను తల్లే చూసి వల్దెసీకి ఇచ్చింది. వల్దెసీ క్వారీలో రంపం మీద పనివాడు. నవ్వుతూ మాట్లాడేవాడు, బంతాటలో ఊరికి గెలుపులు తెచ్చినవాడు. "వీడు నవ్వుతాడు. మీ నాన్న నవ్వేవాడు కాదు," అంది జుల్మీరా పెళ్ళికి ముందు. నవ్వడానికీ కొట్టకపోవడానికీ సంబంధం ఉందని ఆమె అనుకోవడం ఒక్కటే నాకు ఆమెలో కనిపించిన అమాయకత్వం. పెళ్ళికి తన చేత్తో తీసిన బండ ఇచ్చింది.

ఒకరోజు ఆ బండ జున్ను తోలే వ్యానులో ఎక్కి వచ్చి పెరటి గుమ్మం ముందు దిగింది. పక్కన మర్లూసియా. ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా.

"మూకుడు జారిందమ్మా."

జుల్మీరా బండ మీద గాటులోకి వేలు పెట్టి, చివరిదాకా జరిపింది.

"మూకుడు జారితే పైనుంచి పడుతుంది. ఇది పక్కనుంచి వచ్చింది. ఉలిసుత్తి. నువ్వు ఎటు తప్పుకున్నావు?"

మర్లూసియా చొక్కా చేతులు కిందికి లాక్కుంది. "ఎడమకి," అంది.

"చొక్కా విప్పు, చూస్తాను."

"వద్దమ్మా. బండ బాగుచెయ్యి చాలు. శనివారం వస్తానన్నాడు."

"నువ్వు వెళ్తావా?"

"వెళ్ళక? ఇక్కడుండి నీలా రాళ్ళు రుద్దుకుంటూ ముసలిదాన్నవ్వాలా? నువ్వు చెయ్యనంటే చెప్పు. ఎవడి చేతో సిమెంటు పూయించుకుని పోతాను."

సిమెంటు పూసిన బండ నిప్పు మీద నిలవదని ఆమెకూ తెలుసు. కానీ అన్నమాట ప్రకారం పోతుందని తల్లికి తెలుసు. జుల్మీరా ఇరుక్కుపోయింది. బండ బాగుచేస్తే తండ్రి తనకు చేసింది తను కూతురికి చేసినట్టే. చెయ్యకపోతే పిల్ల పగిలిన బండతోనే వెళ్తుంది, ఈసారి వేటు తప్పించుకోలేకపోవచ్చు. రాత్రింబవళ్ళు ఉపదేశాలు చెప్పే తల్లి కాదామె. రుద్దుడు రాయి తెచ్చి కూతురి చేతిలో పెట్టింది.

"నీ బండ. నువ్వే రుద్దు."

ఆ గాటు లోతైనది. పొడి కూరితే నిలిచేది కాదు. గాటు అడుగు కనబడేదాకా బండ మొత్తం అరగదియ్యాలి. రోజూ పొద్దుటి నుంచి మర్లూసియా వంగి రుద్దేది. నల్లటి పొర పోయి కింద బూడిద రంగు తేలుతోంది. చొక్కా చేతులు తడుస్తున్నాయని మొదట మడిచింది, తర్వాత విప్పేసి బనీనుతో రుద్దింది. మోచేతి పైన పాతవి పసుపుగా, కొత్తవి నీలంగా ఉన్నాయి. జుల్మీరా చూసింది, నీళ్ళు చల్లింది, మాట్లాడలేదు.

మాట్లాడడానికి గోడ అవతల ఎఫిజేనియా ఉంది. ఆమె మర్లూసియాకు జ్ఞానస్నానపు తల్లి, కాబట్టి ఆమే, జుల్మీరా ఒకరికొకరు కొమాద్రెలు, అంటే తోటి తల్లులు.

"పంపించెయ్యి కొమాద్రె. పెళ్ళయిన పొయ్యి చల్లారనివ్వకూడదు," అంది ఎఫిజేనియా.

"చల్లారనివ్వకపోతే ఏమొస్తుంది కొమాద్రె? నువ్వు ఇన్నేళ్ళూ మండించావు. మీ ఆయన ఉడికాడా?"

"ఆయన పచ్చి కట్టె. నాకు పొగే మిగిలింది." ఎఫిజేనియా పళ్ళులేని నోటితో నవ్వింది. "అయినా కుర్రాడు చెడ్డవాడు కాడు. పండక్కి మేళంలో ఎంత బాగా పాడతాడు!"

"పాడేటప్పుడు చేతిలో ఉలిసుత్తి ఉండదు కాబట్టి."

మర్లూసియా రుద్దుడు ఆపి, "మీరిద్దరూ నన్ను బండనుకుంటున్నారా, వినబడదని?" అని కసిరింది. మళ్ళీ వంగి, ముందుకంటే గట్టిగా రుద్దింది.

శనివారం పొద్దున్నే గాటు పూర్తిగా పోయింది. పెరట్లో ఇటుకలతో పేర్చిన ఆరబెట్టే పొయ్యి మీద బండను పెట్టారు. మంట వేసింది మర్లూసియానే. సన్నంగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోయింది. మధ్యాహ్నానికి నీటిచుక్క చల్లితే చుక్క బంతిలా ఎగిరి మాయమైంది. చెమ్మ పోయింది. ఇనప పారతో నిప్పులన్నీ లాగి మట్టి కప్పేసి, వేడి నిలవాలని పొయ్యి నోరు ఇటుకతో మూసింది. జుల్మీరా కొవ్వు కరిగించడానికి వంటింట్లోకి వెళ్ళింది. పెరట్లో మంట లేదు, పొగ లేదు. ఇటుకల మీద పాలిపోయిన తెల్లటి బండ, క్వారీ పాకల్లో ఇటుకల మీద ఉండే బండల్లాగే, ఏ పాపమూ తెలియనట్టు ఉంది.

వల్దెసీ అప్పుడొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో జామపండు హల్వా పొట్లం. వంటింటి వైపు తిరిగి గట్టిగా అన్నాడు:

"దీవించు అత్తా!"

"దేవుడు దీవించాలి," అని లోపల్నుంచి జవాబు.

"అయిపోయిందే!" వల్దెసీ నవ్వాడు. "కొత్తదానిలా ఉంది. వ్యాను రోడ్డు మీద ఆగి ఉంది. సర్దుకో."

"ఇంకా కొవ్వు పట్టించాలి."

"ఇంటికెళ్ళి పట్టించుకుందువు గానీ. పద."

మర్లూసియా కదల్లేదు. బనీనులోనే ఉంది. చేతులు భుజాల దాకా రాతిపొడితో తెల్లగా ఉన్నాయి. ఆ తెలుపు కింద నీలాలు కనిపిస్తున్నాయి.

"చొక్కా వేసుకో ముందు," అన్నాడతను గొంతు తగ్గించి. "ఊరంతా చూడాలా?"

"నువ్వు చేసిందేగా. నువ్వూ చూడు."

"మర్లూసియా."

"ఇంకెప్పుడూ కొట్టనని మా అమ్మ ముందు చెప్పు. చెబితే ఇప్పుడే వస్తాను."

ఆ మాట నిజంగానే అంది. అతను చెప్పి ఉంటే వెళ్ళేది. ఆమె తర్వాత నాతో దాచకుండా ఒప్పుకుంది. అతను చెప్పలేదు. పొట్లం కింద పెట్టి, మంచినీళ్ళు తాగినంత మామూలుగా చెంప మీద కొట్టాడు. పెదవి చిట్లింది. రక్తం గడ్డం మీదికి దిగి, రాతిపొడిలో ఎర్రటి గీత గీసింది. ఆమె మళ్ళీ ముఖం ఎత్తింది. ఈసారి పిడికిలితో కొట్టాడు. ఆమె ఇటుకల అవతలికి తూలి, నిలదొక్కుకుంది. ఇద్దరి మధ్యా బండ ఉంది.

గుమ్మంలోకి జుల్మీరా వచ్చింది, చేతిలో కొవ్వు గిన్నె.

"నువ్వు రాకు ముసలిదానా!" వల్దెసీ అటు చూడకుండానే అరిచాడు. "ఇది మొగుడూ పెళ్ళాల మాట." మర్లూసియా ముఖంలోకి ముఖం పెట్టి మాట్లాడాలని ముందుకు వంగాడు. క్వారీలో రోజంతా ఎలా వంగుతాడో అలా. బరువంతా అరచేతుల మీద మోపడానికి రెండు చేతులూ చాచాడు.

ఆ బండ కింద మంట వేసిన మనిషి అతనికి ఎదురుగా ఉంది. చేతులు ఎటు దిగుతున్నాయో చూసింది. నోరు తెరిచింది. మూసుకుంది.

"చెయ్యి తియ్యి!" అని కేక పెట్టింది జుల్మీరా. ఏళ్ళ తరబడి పాకలోకి వచ్చినవాళ్ళందరినీ హెచ్చరించిన నోరది. ఎవరి చేతులని చూడలేదు. కానీ ఆలస్యమైంది.

మొదట చప్పుడు వచ్చింది, పెనం మీద మాంసం వేసినప్పటి చప్పుడు. తర్వాత అరుపు. చేతులు లాక్కున్నాడు గానీ చర్మం కొంత అక్కడే ఉండిపోయింది. వాసన గోడ దాటింది. వల్దెసీ చేతుల్ని గాల్లో పట్టుకుని గిరగిరా తిరిగాడు, ఇటుకల్ని తన్నాడు, పక్కనున్న ఉలిసుత్తి తియ్యబోయి వేళ్ళు ముడుచుకోక దాన్ని జారవిడిచాడు. జుల్మీరా దగ్గరికొస్తే తలతో ఆమె ముఖం మీద గుద్దాడు. పాత ముక్కు మళ్ళీ విరిగింది. ఆమె కూలబడింది, గిన్నెలోని కొవ్వు నేలపాలైంది.

మర్లూసియా నిప్పులు లాగిన ఇనప పార తీసుకుంది. మొదటి దెబ్బ భుజం ఎముక మీద. టక్కుమన్న శబ్దం గోడ అవతలికి వినబడిందని ఎఫిజేనియా చెప్పింది. అతను మోకాళ్ళ మీద పడ్డాడు. రెండో దెబ్బ వీపు మీద. తర్వాతవి ఎక్కడెక్కడ పడ్డాయో ఆమెకే తెలియదు. అతను చేతులు అడ్డం పెట్టుకోలేడు; ఆమె ఆగలేదు. ఎఫిజేనియా గోడ మీదికి తలెత్తి ఏడుస్తూ అరుస్తోంది. చివరికి జుల్మీరా నేల మీద నుంచే కూతురి కాలు పట్టుకుంది.

"చాలు. చచ్చిపోతే వాడి కోసం నువ్వు జైల్లో ఉండాలి. అంత విలువ లేదు వాడికి."

పార ఆగింది.

క్వారీవాళ్ళు వచ్చి అతన్ని ఆస్పత్రికి మోసుకెళ్ళారు. పోతూ ఒక్కొక్కడూ ఆ తెల్లబండ వైపు చూశాడు. "నేనైనా చెయ్యి పెట్టేవాణ్ణే," అన్నాడొకడు. మిగతావాళ్ళు అరచేతులు ప్యాంట్లకు తుడుచుకున్నారు. వల్దెసీ బతికాడు. వేళ్ళు మాత్రం మళ్ళీ రంపం పట్టేలా ముడుచుకోలేదు. చర్చి మెట్ల మీద కొందరు దేవుడే శిక్షించాడన్నారు. దేవుడు ఆ పెరట్లో ఉన్నట్టు నాకెవరూ చెప్పలేదు. మర్లూసియా ఉంది.

బండ మీద రెండు అరచేతుల మచ్చలు మిగిలాయి. వేళ్ళ కణుపులతో సహా; చర్మంలోని కొవ్వు పట్టి తెల్లరాతిలో నల్లగా. ముక్కుకు కట్టుతో జుల్మీరా దాని ముందు కూర్చుంది.

"మళ్ళీ అరగదీద్దామా?"

"ఎందుకు? కొవ్వు పడితే అంతా ఒకే నలుపు," అంది మర్లూసియా. కొత్తగా కొవ్వు కరిగించి, బండను మళ్ళీ వెచ్చచేసి, గుడ్డతో అంచు నుంచి అంచుకు తనే పట్టించింది. వేళ్ళ గుర్తులు చుట్టూ ఉన్న నలుపులో కలిసిపోయాయి. తల్లి వంటింట్లో పాత బండ తీసేసి దాన్ని పరిచారు. ఆ పూట దాని మీద మొక్కజొన్న సంకటి వండారు. ముక్కు పనిచెయ్యకపోవడంతో జుల్మీరా దాని అడుగంటిన వాసన పట్టలేకపోయింది. "బండ బాగుంది, వంటే బాగాలేదు," అని కూతుర్ని తిట్టింది.

కొన్నాళ్ళకు వల్దెసీ బాబాయి వచ్చాడు. పెద్దమనిషి, ఊరి ఆచారాలన్నిటికీ స్వయంగా కాపలా కాసేవాడు. టోపీ చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"బండ బాగయిందని విన్నాం. ఆచారం ప్రకారం బండా కోడలూ ఇంటికి రావాలి కదమ్మా."

"బండ పొయ్యి మీద ఉంది బాబాయిగారూ. దాని మీద చిక్కుడుగింజలు ఉడుకుతున్నాయి. నేను వాటిని కలుపుతున్నాను. ఇద్దరం ఖాళీగా లేం," అంది లోపల్నుంచి మర్లూసియా.

"సరే, అది తర్వాత చూద్దాం." ఆయన గొంతు సవరించుకున్నాడు. "పిల్లాడేమో నోరు విప్పడు. అసలు వాడి చేతులు ఎలా కాలాయి?"

మర్లూసియా గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. చిట్లిన పెదవి మానింది గానీ గీత ఉంది. ఆయన కళ్ళలోకి చూస్తూ మర్యాదగా చెప్పింది:

"కుండ జారింది."

ఆయన ఇంకేదో అడగడానికి నోరు తెరిచాడు. ఆ మాట తర్వాత అడగకూడదని ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు ఊళ్ళో లేరు. తలూపాడు. ఎండ ఎక్కువగా ఉంది. గుమ్మం పక్కన కొత్తగా వచ్చిన తెల్లబండ ఒకటి గోడకు ఆనించి ఉంది. కాస్త ఊతం కోసం దాని మీద చెయ్యి వెయ్యబోయాడు. మధ్యలో ఆపాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, టోపీ పెట్టుకుని, దారి పట్టాడు.